విమానాశ్రయములో ఒక రాత్రి

"కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానము" అని మన పెద్దలు చెప్పెడివారు. ఆ మాట వారి కాలమునకు తగియుండెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి, 1831వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఇల్లు చేరిరి. ఇప్పుడో, హైదరాబాదులో విమాన మెక్కినవాడు రమారమి రెండుగంటలలో కాశిలో దిగుచున్నాడు. ఇంతటి సౌకర్యము కలిగినపుడు ఒక పూట ఆలస్యమైనదని గొణగుట కృతఘ్నత గాదా యని మీలో కొంద రనుకొనవచ్చును. నేనును చాలకాలము అట్లే యనుకొంటిని. ఒక్క రాత్రి నా యభిప్రాయమును మార్చినది. ఆ రాత్రి సంగతియే నేడు మీకు మనవి చేయుచున్నాను.

2024వ సంవత్సరము జనవరిలో నేనును నా భార్యయు కాశికి పోయి, తొమ్మిది రాత్రులు నిద్రచేసి, తిరుగు ప్రయాణమునకు బాబత్‌పూర్ విమానాశ్రయమునకు చేరితిమి. విమానము రాత్రి 8 గంటల 30 నిమిషములకు బయలుదేరవలెను. మేము సాయంకాలము అయిదున్నరకే పోయి, పెట్టెలను అప్పగించి, బోర్డింగు పాసులు తీసికొంటిమి. గంగాజలపు చెంబులతోపాటు మా అటుకులు, రొట్టెలు గూడ ఆ పెట్టెలలోనే పోయినవి. టిక్కెట్టుతోబాటు భోజనమునకు గూడ సొమ్ము చెల్లించియుంటిమి గనుక విమానములో తినవచ్చునని ధైర్యము. నా భార్యకు మధుమేహము కలదు. విమాన మెక్కబోవుచున్నాము గదా యని ఎనిమిది గంటలకు ఆమె ఇన్సులిను సూది వేసికొనెను. దాని వెంటనే ఆహారము తీసికొనవలెను.

ఎనిమిదింబావునకు పలకమీద కాలము మారి 9.30 అయ్యెను. తరువాత 10.30 అయ్యెను. ఆ పిమ్మట 11.30 అయ్యెను. బాకీ తీర్చలేనివాడు వాయిదామీద వాయిదా చెప్పినట్లు గంటకొక వాయిదా! కారణ మేమని అడిగినవారి కెల్ల "మంచు" అని ఒక్కటే సమాధానము. పుష్యమాసమున గంగాతీరమందు మంచు కురియుట నిజమే. దాని మూలమున ఉత్తరదేశమున విమానములు ఆగుటయు నిజమే. కాని ఆ రాత్రి అద్దములగుండ చూచినచో రన్‌వే దీపములు చివరవరకు స్పష్టముగ కనబడుచుండెను. మా కన్నులయెదుటనే ఇతర సంస్థల విమానములు రెండు లేచిపోయినవి. ఆ మంచు మా విమానమునకు మాత్రమే కనబడినది కాబోలు!

నేను చిన్నతనమున దక్షిణభారత హిందీ ప్రచారసభ వారి పరీక్షలు రెండు ప్యాసయితిని. ఆ హిందీ ఇన్నేండ్లకు అక్కరకు వచ్చినది. కౌంటరు వద్ద ఒక చిన్నది నిలిచియుండెను. ఇరువదిరెండేండ్లకు మించి యుండదు. ఆమె మధ్యాహ్నమునుండి నిలిచియే యున్నట్లు ముఖమే చెప్పుచుండెను. "అమ్మా, విమాన మెప్పుడు వచ్చును?" అని అడిగితిని. "బాబూజీ, ఆ పలకమీద మీకు కనబడునది తప్ప నాకును వేరేమియు తెలియదు" అని ఆమె చెప్పెను. ఒక ఫోను నంబరు ఇచ్చి దానితో మాటలాడు మనెను. ఆ నంబరులో యంత్రము మాటలాడెను. హిందీకి ఒకటి, ఇంగ్లీషుకు రెండు నొక్కుమనెను. నొక్కినంతట సంగీతము మొదలాయెను. ఇరువదినిమిషములు సంగీతము విని ఫోను పెట్టివేసితిని.

ఆ చిన్నదానిమీద నాకు కోపము రాలేదు. ఆమెకు నిజము తెలియదు, తెలిసినను చెప్పు నధికారము లేదు. అధికారము గలవా రెవ్వరును ప్రయాణికులకు కనబడరు. కనబడువారికి అధికారము లేదు. ఈ ఏర్పాటులోనే చిక్కంతయు నున్నది.

పది గంటలకు నా భార్య "ఏమండీ, కన్నులు తిరుగుచున్నవి" అనెను. ఆమె నుదుట చెమట పట్టియుండెను. చేతులు వణకుచుండెను. చక్కెర పడిపోయినదని తెలిసికొంటిని. దుకాణము ఒక్కటే తెరచియుండెను. దానిలో తినుబండారము లన్నియు అప్పటికే చెల్లిపోయి, చాయ మాత్రము మిగిలియుండెను. విశ్వనాథుని ప్రసాదముగ తెచ్చుకొన్న పేడాలు ఆమె చేతిసంచిలో నుండెను. వానిని తినిపించి, చక్కెర ఎక్కువగా వేయించి చాయ త్రాగించితిని. పావుగంటకు ఆమె తేరుకొనెను. ఆ పావుగంట నాకు ఒక యుగమువలె గడచినది. సంచిలో ఆ పేడాలు లేకున్నచో ఏమి జరిగెడిదో తలచుకొనుటకే భయము.

మా తెలుగు మాటలు విని, వెనుక వరుసలో నున్న యువకు డొకడు వచ్చి మా ప్రక్కను కూర్చుండెను. వరంగల్లువాడు. న్యాయశాస్త్రము చదువుచున్నాడు. "తాతగారూ, వీరు మీకు భోజనము పెట్టవలసియున్నది. అది దయ గాదు, నియమము" అని తన ఫోనులో ప్రభుత్వమువారి నిబంధనలు చూపించెను. విమానయానమును పర్యవేక్షించు డి.జి.సి.ఎ. అను ప్రభుత్వ కార్యాలయమువారు 2010వ సంవత్సరముననే ఈ నిబంధనలు చేసి, పిమ్మట కొన్ని మార్పులతో అమలు జరుపుచున్నారు. ఆ రాత్రి నేను తెలిసికొన్నదానిని క్లుప్తముగా చెప్పెదను.

రెండున్నర గంటలలోపు ప్రయాణముగల విమానము రెండు గంటలు గాని, అంతకు మించి గాని ఆలస్యమైనచో, వేచియున్నవారికి ఆహారము, పానీయములు ఇయ్యవలెను. ఆలస్యము ఆరు గంటలు దాటునప్పుడు వేరొక విమానములో పంపుట గాని, టిక్కెట్టు సొమ్ము పూర్తిగా తిరిగి యిచ్చుట గాని చేయవలెను. రాత్రి 8 గంటలకును తెల్లవారుజామున 3 గంటలకును నడుమ బయలుదేరవలసిన విమానము ఆరుగంటలకు మించి ఆలస్యమైనచో, బస గూడ ఏర్పాటు చేయవలెను. టిక్కెట్టు ఉండియు స్థలము లేదని ప్రయాణికుని దింపివేసినపుడును, ముందుగా తెలుపక విమానమును రద్దు చేసినపుడును నష్టపరిహారము కలదు.

అయితే ఇందులో ఒక మెలిక యున్నది. మంచు, తుపాను, అల్లరులు మొదలైన, సంస్థ చేతిలో లేని కారణములచే ఆలస్యమైనచో ఈ బాధ్యత చాలవరకు తొలగిపోవును. అది న్యాయమే. మంచును ఎవ రాపగలరు? కాని కారణమునుబట్టి బాధ్యత యున్నపుడు ఆ కారణము నిజమైనది కావలెను గదా! "మంచు" అను రెండక్షరములు మాకు సమాధానము మాత్రమే గాదు. అవి సంస్థవారికి ఖర్చు తప్పించు మాటలు. నాటివరకు నేను కారణ మడుగుటను ఊరక కుతూహల మనుకొంటిని. కారణ మడుగుటయే హక్కు నడుగుట యని ఆ బాలుడు చెప్పగా తెలిసినది.

"నోటితో అడిగినది గాలికి పోవును తాతగారూ, కాగితముమీద అడుగుడు" అని అతడు చెప్పెను. నేను నాకు వచ్చిన హిందీలో నాలుగు ప్రశ్నలు వ్రాసితిని. ఆలస్యమునకు కారణ మేమి? విమాన మిప్పుడు ఏ యూరిలో నున్నది? భోజన మెప్పుడు పెట్టెదరు? రాత్రికి బస ఎక్కడ? వీనికి సంతకముతో జవాబు కోరుచున్నా మని క్రింద వ్రాసి నా పేరు చేర్చితిని. ఆ కాగితమును చూచి ఒక్కరొక్కరుగా ముప్పదిమంది సంతకములు చేసిరి. వారిలో కేకలు వేసి గొంతు పోగొట్టుకొన్నవారును ఉండిరి. అంతసేపటి కేకలకు రాని అధికారి ఆ కాగితమునకు వచ్చెను. ఇరువది నిమిషములలో భోజనపు పొట్లములు గూడ వచ్చినవి. అవి ఎక్కడినుండి వచ్చెనో, అంతవరకు ఏల రాలేదో నేటికిని నాకు తెలియదు.

అధికారి మొదట మంచనియే చెప్పెను. సంతకము పెట్టుమనగా మాట మార్చెను. విమానము వెనుకటి యూరిలోనే ఆలస్యమైనదట. దానిని నడుపవలసిన పైలట్ల పనిగంటలు ముగిసినవట. క్రొత్తవారు తెల్లవారిన పిదప గాని రారట. ఆ మాటలను రెండు పంక్తులలో వ్రాసి ముద్ర వేసి యిచ్చెను. బసమాట యడుగగా, గదులు దొరకలేదని చెప్పి వెడలిపోయెను. మేము ఇనుపకుర్చీలమీదనే రాత్రి గడపి, ఉదయము 7 గంటల 10 నిమిషములకు బయలుదేరితిమి.

శ్రోతలారా, పైలట్లకు విశ్రాంతి యుండవలసినదే. నిద్రలేని బండివాని బండి యెక్కుటకే మనము జంకుదుము. విమాన మనగా చెప్పవలెనా? నా ఫిర్యాదు వారి విశ్రాంతిమీద గాదు. ఆ విశ్రాంతికి తగినట్లు మనుష్యులను నియమించుకొనక, పొదుపు తాము చేసికొని, కష్టమును ప్రయాణికులకు పంచిపెట్టు పద్ధతిమీద. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటలనుండి 48 గంటలకు పెంచు నియమములను ప్రభుత్వమువారు 2024 జనవరిలోనే ప్రకటించిరి. అవి 2025లో అమలునకు వచ్చినవి. వ్యవధి అంత యున్నను, 2025 డిసెంబరు మొదటివారములో ఒక పెద్ద సంస్థ విమానములు వేలకొలదిగా రద్దుకాగా, జనులు విమానాశ్రయములలో నేలమీద పండుకొనిరి. నేను బాబత్‌పూరులో చూచినది ఆనాడు దేశమంతయు చూచినది.

ఇంటికి వచ్చిన పిమ్మట ఆ ముద్రగల కాగితపు నకలును జతపరచి సంస్థకు లేఖ వ్రాసితిని. నెల దాటిన తరువాత జవాబు వచ్చెను. అందులో కారణము మరల "మంచు" అయ్యెను! విచారము వెలిబుచ్చుచు, ఆరునెలలలోపల తమ విమానమే యెక్కినచో టిక్కెట్టుమీద కొంత తగ్గించెదమని ఒక కూపను పంపిరి. దానిని త్రిప్పి పంపి, అదే సంవత్సరము మా జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు దాఖలు చేసితిని. 2019వ సంవత్సరపు చట్టము ప్రకారము, సంస్థ ఎక్కడ నున్నను, మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. మనము చెల్లించిన సొమ్ము అయిదు లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. వకీలు తప్పనిసరి గాదు. సంగతి జరిగిన రెండేండ్లలోపల దాఖలు చేయవలెను. నా ఫిర్యాదు ఇంకను నడచుచున్నది. ఎంత సొమ్ము వచ్చునన్న చింత నాకు లేదు. ఆ రాత్రి మంచు లేదని ఒక్కచోటనైన వ్రాతమూలకముగ తేలవలెనని నా కోరిక.

మన గ్రామములలో ఎందరి బిడ్డలో అమెరికాలో నున్నారు. వారిని చూచుటకు, మనుమలను ఎత్తుకొనుటకు మనవంటి పెద్దలు ఒంటరిగా సముద్రములు దాటుచున్నారు. అట్టివారికి నాలుగు మాటలు చెప్పెదను. మందులును, కొంచెము ఆహారమును చేతిసంచిలోనే యుంచుకొనుడు. టిక్కెట్టు, బోర్డింగు పాసు ఇల్లు చేరినను పారవేయకుడు. నడువలేనివారు చక్రాల కుర్చీ కావలెనని 48 గంటలు ముందుగా తెలియజేసి, వచ్చిన జవాబును దాచుకొనుడు. 2024 ఫిబ్రవరిలో ముంబయిలో ఎనుబదేండ్ల వృద్ధు డొకరు, ఒక్క కుర్చీయే దొరకగా దానిని భార్యకు విడిచి, తాను నడచి, దారిలో కుప్పకూలి మరణించిరి. ప్రభుత్వమువారు ఆ సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా విధించిరి. జరిమానా వలన ఆ పెద్దమనిషి తిరిగి రాలేదు. ఇక కష్టము కలిగినపుడు 1915 అను వినియోగదారుల నంబరుకు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకొనవచ్చును.

"అడుగనిదే అమ్మయైనను పెట్టదు" అని మనకొక సామెత కలదు. అమ్మ విషయములో అది ముచ్చటకు చెప్పిన మాట. సొమ్ము తీసికొన్న సంస్థ అడుగకయే పెట్టవలెను. అది పెట్టనప్పుడు అడుగుట మనవంతు. పెద్దలమైన మనకు ఓర్పు అలవాటు. ఎవరినో యిబ్బంది పెట్టుచున్నామేమో యని సంకోచము గూడ అలవాటు. నేను రెండు గంటలసేపు ఆ సంకోచముతో కూర్చుండుటవలననే నా భార్యకు ఆ యవస్థ కలిగినది. కావున, కారణ మడుగుడు, కాగితముమీద అడుగుడు, మర్యాదతో అడుగుడు, జవాబు వచ్చువరకు అడుగుడు.