నిర్మల్ బొమ్మ, కారు బానెట్: మెరుగు వెనుక ఉన్న పని

నిర్మల్ బొమ్మను చేతిలోకి తీసుకున్నవారు ముందుగా మెచ్చుకునేది దాని నునుపును. మెత్తని పొనికి కర్రతో చెక్కిన జామపండో, జింకపిల్లో అద్దంలా మెరుస్తుంటే, ఆ గొప్పతనమంతా పైన వేసిన రంగుదేనని అనుకుంటాం. ఆ రంగు మాట కూడా ఆసక్తికరమైనదే. ఒకప్పుడు ఈ బొమ్మలు చేసే నకాషీ కళాకారులు ఆకుపసర్లతోనూ ఖనిజాలతోనూ రంగులు తయారు చేసుకునేవారు. తరువాత వారి చేతికి వచ్చిన డ్యూకో రంగు అసలు కార్ల కోసం పుట్టింది. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ జనరల్ మోటార్స్‌తో కలిసి రూపొందించిన ఈ రంగు 1924 నమూనా ఓక్లాండ్ కార్లతో జనంలోకి వచ్చింది. అంతకుముందు కారుకు వేసిన వార్నిష్ ఆరడానికి వారాలు పట్టేది, డ్యూకో గంటల్లో ఆరిపోయేది. అలా డెట్రాయిట్ కార్ల రంగు నిర్మల్ బొమ్మల మీదకు చేరింది. కానీ డ్యూకో ఒక్కటే ఆ మెరుపును ఇవ్వదని బొమ్మలు చేసేవారికి బాగా తెలుసు. అతుకులను చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన లప్పంతో పూడుస్తారు, పైన సుద్ద పూత పూస్తారు, ఆరాక నున్నగా రుద్దుతారు. ఆ తరువాతే రంగు. గరుకుగా ఉన్న కర్రకు ఎంత ఖరీదైన రంగు వేసినా అది మెరవదు.

ఈ రోజు చెప్పదలచుకున్నది ఇంటి దగ్గర సొంతంగా కారు రంగును పాలిష్ చేసుకోవాలనుకునే కొత్తవారి గురించి. వారికి అన్నిటికంటే ముందు తెలియాల్సింది పై మాటే. మెరుపు అనేది సీసాలో దొరికే సరుకు కాదు. ఉపరితలం చదునుగా ఉంటే వెలుగు ఒకే దిశలో తిరిగి వస్తుంది, గీతలు పడితే చెదిరిపోతుంది. అయితే బొమ్మ చేసేవారికీ కారు యజమానికీ ఒక పెద్ద తేడా ఉంది. బొమ్మను చదును చేయడానికి పొరలు కలుపుతూ పోవచ్చు. కారును చదును చేయాలంటే ఉన్న పొరను అరగదీయడం తప్ప దారి లేదు. గీత లోతు దాకా చుట్టూ ఉన్న రంగును తగ్గిస్తేనే గీత పోతుంది. కాబట్టి పాలిషింగ్‌లో నేర్పు ఎంత రుద్దామన్న దానిలో కాదు, ఎంత తక్కువ రుద్ది ఆపామన్న దానిలో ఉంటుంది.

రుద్దడానికి అసలు ఎంత పొర ఉందో లెక్క చూద్దాం. నేటి కారు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆపై రంగు, అన్నిటికంటే పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. కంపెనీ వేసిన పొరలన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో మనం రుద్దగలిగే క్లియర్ కోట్ దాదాపు 40 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందం కన్నా తక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఉండేది ఈ పొరలోనే. మెత్తని పాలిష్ ఒకసారి పడితే ఒకటి రెండు మైక్రాన్లు పోవచ్చు, గరుకైన రబ్బింగ్ కాంపౌండుతో ఇంకా ఎక్కువ పోతుంది. ఏడాదికి రెండుసార్లు సర్వీసింగ్‌తో పాటు ‘రబ్బింగ్, పాలిష్’ చేయించుకుంటూ పోతే కారు బాగుపడుతోందనుకుంటాం గాని, దాని రక్షణ కవచం కరిగిపోతూ ఉంటుంది. పాత కార్ల టాప్ మీద, బానెట్ మీద తెల్లగా పొలుసులు లేచి కనిపించేది క్లియర్ కోట్ చనిపోయిన చోటు. అక్కడ పాలిష్ పనికిరాదు, మళ్లీ రంగు వేయించాల్సిందే.

ఇక గీతలు ఎలా పడతాయన్నది చూడాలి. కరీంనగర్ చుట్టుపక్కల ట్యాన్ బ్రౌన్ గ్రానైట్ క్వారీలు, కోత మిల్లులు ఉన్నాయి. రామగుండం వైపు సింగరేణి బొగ్గు దుమ్ము, విద్యుత్ కేంద్రం బూడిద ఉన్నాయి. గ్రానైట్ దుమ్ములోనూ, మామూలు మట్టి దుమ్ములోనూ క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. మోహ్స్ కొలమానంలో క్వార్ట్జ్ గట్టితనం 7, గాజును కూడా గీయగలదు. క్లియర్ కోట్ అన్నది ఒక రకం ప్లాస్టిక్కే. రాత్రి బండి మీద పడిన ఈ దుమ్మును తెల్లవారగానే పాత లుంగీ ముక్కతోనో కాటన్ వేస్ట్‌తోనో పొడిగా తుడవడం మన దగ్గర శుభ్రతకు గుర్తు. కారు మీద కనిపించే సన్న గీతల్లో చాలా వాటికి కారణం ఆ అలవాటే. ఎండలో కారు మీద సాలెగూడులా వలయాలు కనిపిస్తే, గుండ్రంగా తుడవడం వల్ల వచ్చాయని చాలామంది అంటారు. నిజానికి గీతలు అన్ని దిక్కులా పడి ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్న గీతలే మెరిసి కంటికి కనబడతాయి, అందుకే సూర్యబింబం చుట్టూ వలయాలు తిరిగినట్టు ఉంటుంది. తుడిచే దిక్కు మారిస్తే గీతలు ఆగవు, పొడిగా తుడవడం మానితే చాలా వరకు ఆగుతాయి.

ఒక అభ్యంతరం వస్తుంది. మే నెలలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే వాడల్లో రోజూ కారు కడగడం ఎలా అని. కడగక్కర్లేదు. దుమ్ము పట్టిన కారు చూడడానికి బాగుండదు, అంతే, పాడు మాత్రం కాదు. రోజూ పొడిగా తుడిచేకంటే వారానికోసారి రెండు బకెట్ల నీళ్లతో కడగడం మేలు. ముందు నీళ్లు పోసి దుమ్మును జారవిడవాలి, ఒక బకెట్లో షాంపూ నీళ్లు, రెండోదానిలో గుడ్డ జాడించే నీళ్లు ఉంచుకోవాలి. పక్షి రెట్టను మాత్రం వారం దాకా ఉంచకూడదు. మన ఎండకు అది రంగును తినేస్తుంది, తడిగుడ్డతో నానబెట్టి వెంటనే తీయాలి. బోరు నీళ్లు ఎండలో ఆరితే సున్నపు మచ్చలు నిలుస్తాయి, కాబట్టి కడిగిన వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో నీటిని అద్దుకోవాలి.

కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో తుడిస్తే తళతళలాడుతుంది కదా అని డ్రైవర్లు అడుగుతారు. మెరిసే మాట నిజమే. నూనె పొర గీతల్లో నిండి చదునుగా కనబడుతుంది, సాయంత్రానికి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. చవక వ్యాక్స్ పాలిష్‌లలో చాలా వాటి పని కూడా ఇదే. సిరామిక్ కోటింగ్ దీనికంటే మెరుగైనదే, ఎక్కువ కాలం నిలుస్తుంది కూడా, కానీ గీతలు ఉన్న ఉపరితలం మీద వేస్తే గీతలు దాని కింద అలాగే ఉండిపోతాయి. సుద్ద రుద్దకుండా బొమ్మకు డ్యూకో వేసినట్టే అది.

మరి చేసేదెలా? కరీంనగర్ మిల్లుల్లో గ్రానైట్ పలకను గరుకు రాళ్లతో మొదలుపెట్టి క్రమంగా మెత్తని వాటికి వెళుతూ పాలిష్ చేస్తారు. అక్కడ రాయి రెండు సెంటీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి ఆ వరస చెల్లుతుంది. కారుకు దాన్ని తిరగేయాలి. కడిగి, క్లే బార్ అనే బంకముద్దతో అంటుకుపోయిన మడ్డిని తీసి, అన్నిటికంటే మెత్తని ప్యాడ్, మెత్తని పాలిష్‌తో మొదలుపెట్టాలి. బానెట్ మీద రెండడుగుల చదరం టేపుతో గుర్తు పెట్టుకుని అక్కడే పరీక్షించాలి. గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మిషన్ ఒకేచోట వేడి పుట్టించి రంగును కాల్చగలదు. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మిషన్ కొత్తవారికి క్షేమం. శనగగింజంత పాలిష్ చుక్కలు మూడో నాలుగో చాలు. మిషన్‌ను నెమ్మదిగా, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నడిపి, తుడిచి, టార్చి వెలుగులో చూడాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి తుడిస్తే పాలిష్‌లోని నూనె పోయి అసలు ఫలితం బయటపడుతుంది. గీతలు తగ్గకపోతేనే ఒక మెట్టు గరుకుకు వెళ్లాలి. అంచుల దగ్గర, బాడీ మడతల మీద రంగు పల్చన, అక్కడ టేపు వేసి వదిలేయాలి. గోరు తగులుకునేంత లోతు గీతను రుద్ది తీయాలనుకోవద్దు. గుడ్డకు కారు రంగు అంటితే అక్కడ క్లియర్ కోట్ లేదని అర్థం, ఆపేయాలి. ఇదంతా నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే. 45 డిగ్రీలు దాటే వేసవిలో పాలిష్ రుద్దకముందే ఎండిపోతుంది. ఆదిలాబాద్ చలికాలపు ఉదయాలు ఈ పనికి చక్కగా సరిపోతాయి.

షెడ్డులో ఇస్తే ఒక పూటలో అయిపోయే పనికి ఇంత శ్రమ ఎందుకన్నది చివరి అభ్యంతరం. నేర్పు, ఓపిక ఉన్న పనివారు దొరికితే తప్పకుండా ఇవ్వండి. కానీ పూటకు మూడు బండ్లు తేల్చాల్సిన చోట గరుకు కాంపౌండు, రోటరీ మిషనే వేగం. మీ కారు మీద ఎన్ని మైక్రాన్లు మిగిలాయన్న బెంగ మీకే ఉంటుంది. చిన్న గీతలు కొన్ని మిగిలినా ఫర్వాలేదనుకునే యజమాని చేతిలో రంగు ఎక్కువ కాలం బతుకుతుంది. మిషన్ కొనాలా వద్దా అన్నది తీరిగ్గా ఆలోచించుకోండి. పొడిగుడ్డను మాత్రం రేపటి నుంచే మానేయండి, దానికి ఖర్చేమీ లేదు.