స్వేచ్ఛయు స్వాతంత్ర్యమును



ఈ వార్షిక మహాసభయందు రెండు మాటలను గూర్చి విన్నవింపదలచితిమి. స్వేచ్ఛ యనియు స్వాతంత్ర్య మనియు మనము నిత్యము ఒకే యర్థమున వాడుచున్నాము. ఆంగ్లేయులును తమ లిబర్టీ, ఫ్రీడమ్ అను పదములను అట్లే కలగలిపి వాడుదురు. మన పదములు మాత్రము తమ భేదమును తామే చెప్పుచున్నవి. తన యిచ్ఛకు అడ్డు లేకుండుట స్వేచ్ఛ. తన తంత్రమును, అనగా తన కట్టుబాటును, తానే నడుపుకొనుట స్వాతంత్ర్యము. కోరిక యొక్కనిది, కట్టుబాటు నలుగురిది.

ఈ భేదము గనిపనివారికి క్రొత్త కాదు. గనిలోనికి దిగువాడు బీడీని, అగ్గిపెట్టెను పైననే విడిచిపోవలెను. అది యతని స్వేచ్ఛకు అడ్డే. అయినను దానిని దాస్యమని యెవడును అనడు. ఏలయన, మేనేజరు మొదలు బదిలీ ఫిల్లరు వరకు అందరికిని నియమ మొక్కటే. అందరి ప్రాణములకును అదియే రక్షణ. నిజాము రాష్ట్రమున మన తాతలు చేసిన వెట్టి యట్టిది కాదు. అచ్చట కట్టుబాటు ఒకరిది, లాభము మరియొకరిది. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 23వ అధికరణముచే వెట్టిని నిషేధించెను. కావున అడ్డు కలదా లేదా యని కాక, అది యెవరిని కాపాడుచున్నది, దానిని నిర్ణయించుటలో మనకు పాలు కలదా యని అడుగవలెను.

ఈ గీటురాతిపై మన మందమర్రిని పరీక్షింతము. ఇది షెడ్యూల్డు ప్రాంతము. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన '1/70 చట్టము' ప్రకారము ఇచ్చట గిరిజనేతరులకు భూమిని అమ్మరాదు. ఏండ్ల తరబడి బొగ్గు త్రవ్వి దిగిపోయిన పనివాడు, కంపెనీ క్వార్టరును ఖాళీచేసిన పిమ్మట ఇచ్చట గజము నేలయైన కొనజాలకుండుట మనలో పలువురి బాధ. ఆ చట్టమే పోవలెనను తలంపు పుట్టుట సహజము. మేము దానికి సమ్మతింపము. అప్పులచేతను మోసములచేతను భూములు పోగొట్టుకొనిన గోండు, కోలాము సోదరులకు అది కోటగోడ. ఆ భూమికై పోరాడియే కొమురం భీము 1940లో పాత ఆదిలాబాదు జిల్లాలోని జోడేఘాట్‌లో ప్రాణములు విడిచెను. మన కొనుగోలు స్వేచ్ఛ వారి బ్రతుకు స్వాతంత్ర్యమును మ్రింగరాదు.

ఇక రెండవ అడ్డును చూడుడు. రాజ్యాంగములోని పురపాలక భాగము, 243-జెడ్‌సి అధికరణమును బట్టి, పార్లమెంటు ప్రత్యేక శాసనము చేసినగాని షెడ్యూల్డు ప్రాంతములకు వర్తింపదు. 2001లో అట్టి బిల్లు ప్రవేశపెట్టబడినను శాసనము కాలేదు. 2020 జనవరిలో పురపాలక ఎన్నికలు వచ్చినపుడు పొరుగున బెల్లంపల్లి ఓటు వేసెను. మందమర్రికి ఆ భాగ్యము లేకపోయెను. విచిత్రమేమనగా, 1998 నుండి సింగరేణి పనివారు తమ గుర్తింపు సంఘమును రహస్య బ్యాలెటుచే ఎన్నుకొనుచున్నారు. 2023 డిసెంబరు 27న కూడ ఎన్నుకొనిరి. గనిలో ప్రతినిధిని ఎన్నుకొను చేయి, ఇంటిముందరి మోరీకి జవాబుదారిని ఎన్నుకొనజాలకపోయెను. ఈ అడ్డు గోండును కాపాడునది కాదు, మనలను కాపాడునదియు కాదు. దీనివలన ఇరువురికిని నష్టమే.

కావున భూమిచట్టమును కదల్పక, గిరిజనులకు తగిన స్థానములు కేటాయించి, ఈ పట్టణమున పురపాలక ఎన్నికలు జరుపవలెనని ఈ మహాసభ తీర్మానింపవలెనని మా మనవి. ఆ తీర్మానమును మన కులమువారే గాక, గిరిజన సోదరులును మనతో కూడి కొనిపోవునట్లు పెద్దలు పూనుకొందురుగాక. స్వేచ్ఛను ఒంటరిగా కోరవచ్చును. స్వాతంత్ర్యమును పొరుగువానితో కూడియే సాధింపవలెను.