ఒంటరిగా నిలిచిన క్రీడాకారిణి



మనం కట్టుకునే చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు కదా! ఆ చీర మడతలు విప్పి నేలమీద పొడుగ్గా పరచి, పరుగెత్తుకొచ్చి ఒక్క దూకులో దాన్ని దాటి, అవతల మరో ఒకటిన్నర మీటరు దూరాన కాళ్ళు మోపడం ఊహించగలమా? అలా దూకిన ఒక రష్యన్ అమ్మాయిని గురించి ఈ పూట మీకు చెబుతాను. ఆమె పేరు దార్యా క్లిషినా.

ఆమె 1991లో త్వేర్ నగరంలో పుట్టింది. పందొమ్మిదో ఏట, 2010లో, లాంగ్‌జంప్‌లో 7.03 మీటర్లు దూకింది. మరుసటేడు 7.05 మీటర్లు. 2011లోనూ, 2013లోనూ యూరప్ ఇండోర్ పోటీల్లో బంగారు పతకాలు గెలుచుకుంది. ఆడవాళ్ళలో ఏడు మీటర్లు దాటడం ఏ కొద్దిమందికో దక్కే ఘనత.

అయితే ఆమె పేరు పాకింది ఈ కొలతల వల్ల మాత్రమే కాదు. మనిషి పొడగరి, చక్కని ముఖం. పత్రికలు ఫొటోలు వేసి మురిసిపోయాయి. "ఎంత దూరం దూకింది?" అని అడగకముందే "ఎంత బాగుందో!" అన్నవారు ఎందరో. ఇది మనకు కొత్తా చెప్పండి? ఆడది ఏ పని చేసినా ముందు ముఖం చూడడం లోకానికి అలవాటే. కాని ఇసుకకు ముఖంతో పనిలేదు. అందులో పడిన గుర్తు దగ్గర టేపు పెట్టి కొలుస్తారు, అంతే.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. నిషిద్ధ ఔషధాల వ్యవహారం బయటపడి, 2015 నవంబరులో రష్యా అథ్లెట్లందరినీ అంతర్జాతీయ పోటీలనుంచి పక్కన పెట్టారు. క్లిషినా అప్పటికే అమెరికాలో ఉండి శిక్షణ పొందుతోంది. ఆమెకు పరీక్షలు బయటి దేశంలోనే జరిగాయి. అందువల్ల 2016 రియో ఒలింపిక్స్‌లో రష్యా అథ్లెట్లలో ఆమె ఒక్కదానికే అనుమతి దొరికింది. తక్కినవారిలో ఏ తప్పూ చేయనివాళ్ళూ ఉండి ఉండవచ్చు. వాళ్ళ బాధా చిన్నది కాదు. కాని నిన్నటిదాకా మెచ్చుకున్న స్వదేశంలోనే కొందరు ఈ పిల్లను "దేశద్రోహి" అన్నారు. అంతలో ఆ అనుమతీ రద్దయింది. క్రీడా న్యాయస్థానం దాన్ని తిరిగి ఇచ్చింది, సరిగ్గా పోటీకి ముందురోజున! అంత ఆందోళనతో దిగి ఫైనల్ చేరి, 6.63 మీటర్లతో తొమ్మిదో స్థానంలో ఆగిపోయింది. అప్పట్లో చివరి మూడు దూకుళ్ళకు అవకాశం ఎనిమిదిమందికే ఉండేది.

అక్కడితో చాలించుకుందనుకుంటున్నారా? 2017లో లండన్ ప్రపంచ పోటీలకు ఏ దేశపు జెండా లేకుండా, తటస్థ క్రీడాకారిణిగా వెళ్ళింది. సరిగ్గా 7 మీటర్లు దూకి వెండి పతకం తెచ్చుకుంది. బంగారు పతకం గెలిచిన అమెరికా క్రీడాకారిణి బ్రిట్నీ రీస్ దూకింది 7.02. తేడా మన వేలెడంత వెడల్పు!

పొగడ్తా, తిట్టూ రెండూ బయటినుంచి వచ్చేవే. పరుగు మాత్రం ఆమె సొంతం.

రేపు మన ఇంటి ఆడపిల్ల ఆటలాడి వస్తే, "ఎండకు ఎంత నల్లబడ్డావే!" అనకుండా, "ఎంత దూరం దూకావే?" అని అడుగుదాం. ఆ మాట దానికి కొండంత బలం.

ఇక సెలవు.