గడప దాటాల్సిన కాలు



ఇందాక పట్టాలు అందుకోవడానికి మీరు వరసగా హాల్లోకి వస్తుంటే అందరూ మీ ముఖాలు చూశారు. నేను కాళ్లు చూశాను. ఏళ్ల తరబడి కృత్రిమ కాళ్లు బిగించినవాడికి పట్టుకునే జబ్బు ఇది. మీలో ఒకరికి కొత్త బూట్లు కరుస్తున్నాయి. ఎడమ మడమ ఆనీ ఆనకుండా వేస్తున్నారు. ఎవరో చెప్పనులెండి. కాలికి చిన్న పొక్కు లేస్తేనే భుజాల దాకా నడక మారిపోయింది. మోకాలి కింద కాలే లేని మనిషి సంగతేమిటి?

మామూలు అడుగులో ముందు మడమ నేలకు తగులుతుంది. దాని గుండ్రదనం మీద ఒళ్లు ముందుకు దొర్లుతుంది. అరికాలు పూర్తిగా ఆనాక, చీలమండ దగ్గర మడత పడుతూ కాలు ముందుకు వాలుతుంది. ఆఖరున మడమ లేచి, బరువంతా వేళ్ల మొదళ్ల మీదికి వస్తుంది. సరిగ్గా అప్పుడు పిక్క బిగిసి నేలను వెనక్కి తన్నుతుంది. మామూలు నడకలో ఒక్కో కాలు సుమారు 60 శాతం సేపు నేల మీద, 40 శాతం సేపు గాల్లో ఉంటుంది. ఇదంతా సెకను పైచిలుకు సేపట్లో ముగుస్తుంది. కాలు పోయిన మనిషికి ఎముకతో పాటు ఆ తన్ను కూడా పోతుంది. ఆ లోటు తుంటి పూడ్చాలి, నడుము పూడ్చాలి, రెండో కాలు పూడ్చాలి. అందుకే ఆ ఆయాసం.

ఇదంతా పుస్తకంలో ఉంది, మీరు చదివారు. పుస్తకంలో లేనిది నాకు ఒక వరి రైతు నేర్పాడు.

ఆయనకు కాలు బిగించి, సమాంతర కడ్డీల మధ్య నడిపించి, చక్కగా నడుస్తున్నాడని మురిసిపోయి పంపించాను. నెల తిరక్కుండా వచ్చాడు. "ఎప్పుడూ కొండెక్కుతున్నట్టుందండీ బాబూ" అన్నాడు. వరండాలో నడవమన్నాను. ఏ లోపమూ లేదు. లోపలికి రండి, కాగితాలు చూద్దాం అన్నాను. ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. గోడ పట్టుకుని, వంగి, మర్యాదగా బూట్లు విప్పి పక్కన పెట్టాడు. గడప దాటాడు. దాటగానే కుంటు మొదలైంది. అడుగు వేసినప్పుడల్లా మోకాలు వెనక్కి పోతోంది.

నేను మొదట్లో ఆ కాలిని బూటు తొడిగే సరిచూశాను. బూటుకు మడమ కింద ఎత్తుంది. బూటు తీస్తే ఆ ఎత్తు పోతుంది, మడమ దిగుతుంది, దాంతో పైనున్న గొట్టం వెనక్కి వాలుతుంది. మనిషి చదును గచ్చు మీద నడుస్తున్నా ఆ కాలికి అది కొండే. ఆయన రోజులో ఎక్కువసేపు ఉండేది ఇంట్లో, పొలంలో. రెండు చోట్లా ఉత్తకాళ్లే. నేను మాత్రం నా గచ్చుకూ నా బూటుకూ తగిన కాలు చేసి, అది ఆయనదనుకున్నాను.

ఈ పొరపాటు నాకన్నా పెద్దవాళ్లూ చేశారు. 1950ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో రూపుదిద్దుకున్న 'శాచ్' పాదం మంచి పనిముట్టు. చీలమండ కదలదు, మడమలోని మెత్తటి ముక్క నలిగి దెబ్బను మింగుతుంది. కానీ అది బూటులో ఉండటానికి పుట్టింది. దాంతో గొంతుక్కూర్చోలేరు, బాసింపట్టు వేయలేరు, బురదలో దిగలేరు.

జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసింది ఈ చిక్కు దగ్గరే. ఒకరు శస్త్రవైద్యంలో పండినవారు. మరొకరు బడి చదువు అంతగా లేని పనివాడు. పాత లారీ టైర్లకు కొత్త రబ్బరు పట్టించే పద్ధతిని శర్మ కాలికి తెచ్చాడు. మడమకూ వేళ్లకూ స్పాంజి రబ్బరు, మధ్యలో కర్ర, పైన ఉడికించిన ఒంటిరంగు రబ్బరు. 1960ల చివరికి ఉత్తకాలితో నడవగల 'జైపూర్ కాలు' తయారైంది. అది అన్ని వైపులా కాస్త కాస్త ఒదుగుతుంది. గట్టు ఏటవాలుగా ఉంటే పాదమూ ఏటవాలుగా ఆనుతుంది. 1981లో మెగసెసే పురస్కారం సేఠీకి వచ్చింది. శర్మ పేరు ఇప్పటికీ చాలామందికి తెలియదు. రేపు మీ ప్రయోగశాలల్లో అచ్చులు పోసేవారి పేరు మీ పరిశోధనా పత్రం మీద ఉండేలా చూడండి. 

ఆ కాలు ఎంత పని చేస్తుందో మీ అమ్మానాన్నల్ని అడగండి. వాళ్లు 'మయూరి' సినిమా చూసి ఉంటారు. 1981లో బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ జైపూర్ కాలితో మళ్లీ భరతనాట్యానికి దిగింది. సింగీతం శ్రీనివాసరావు గారు ఆ కథను ఆమెతోనే తెలుగులో తీశారు. నాట్యం ఉత్తకాలితోనే కదా!

ఆ తన్ను సంగతి ఇంకా మిగిలే ఉంది. రబ్బరు ఒదుగుతుంది, కానీ తన్నదు. 1976లో మోకాలి కింద కాలు పోగొట్టుకున్న అమెరికన్ వాన్ ఫిలిప్స్ తర్వాత కార్బన్ ఫైబర్‌తో పాదం చేశాడు. లారీ కింది కమాను పట్టీలా బరువు పడితే వంగుతుంది, బరువు దాటాక విప్పుకుంటుంది. అయితే కమాను మనం పెట్టిందే తిరిగిస్తుంది, అదీ కొంత మిగుల్చుకుని. సొంతంగా నెట్టే మోటారు చీలమండ కోసం ఎం.ఐ.టి.లో హ్యూ హెర్ పనిచేశాడు. 1982లో మంచు తుపానులో చిక్కి రెండు కాళ్లూ పోగొట్టుకున్న పర్వతారోహకుడతను. మన దగ్గర 2025 జులైలో హైదరాబాద్‌లోని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్, బీబీనగర్ ఎయిమ్స్ కలిసి కార్బన్ పాదాన్ని ఆవిష్కరించాయి. 125 కిలోల బరువు వరకూ పరీక్షించారు. 2 లక్షల దాకా అయ్యే దిగుమతి సరుకుకు బదులు 20 వేల లోపు చేయాలన్నది లక్ష్యం. క్షిపణులు చేసే ఊరు ఒక పాదం గురించి ఆలోచించడం నాకు గర్వంగా ఉంది.

అయినా ఒక మాట. పాదం ఎంత గొప్పదైనా, మిగిలిన కాలు దూరే సాకెట్ ఒరుసుకుంటే మనిషి దాన్ని మంచం కింద పెట్టేస్తాడు. మోకాలిచిప్ప కింది స్నాయువు బరువు మోస్తుంది. ముంగాలి ఎముక అంచు మోయదు, పక్కన పొడుచుకొచ్చిన చిన్న ఎముక బుడిపె అసలే మోయదు. పొద్దున బిగుతుగా ఉన్న సాకెట్ సాయంత్రానికి వదులవుతుంది, ఇంకో మేజోడు తొడగాల్సి వస్తుంది. ఇవేవీ కంప్యూటర్ తెర మీద నొప్పి పెట్టవు. అందుకని నేల మీద కూర్చోండి. పట్టా పుచ్చుకున్నవాడు పేషెంటు కాళ్ల దగ్గర కూర్చోవడం నామోషీ కాదు, అక్కణ్నుంచే అన్నీ కనిపిస్తాయి. కొలతల కన్నా ముందు మూడు అడగండి: చెప్పులు ఎక్కడ విప్పుతారు? ఎలా కూర్చుని తింటారు? రోజూ ఏ నేల తొక్కుతారు?

ఆ రైతు కాలిని ఉత్తకాలికి తగ్గట్టు మళ్లీ సరిచేశాం. బయటికి మడమ ఎత్తు లేని పలచని చెప్పులే వేసుకోమన్నాం. ఏడాది తర్వాత వచ్చినప్పుడు నేను నడవమనబోతే, ఆయన గుమ్మం దగ్గర విప్పిన చెప్పులు రెండూ తిరగేసి చూపించాడు. "చూడండి బాబూ, రెండూ ఒక్కలాగే అరిగాయి" అన్నాడు.

నా గోడ మీద పట్టాలు చాలానే ఉన్నాయి. వాటి మీద సంతకాలు ఎవరివో మర్చిపోయాను. ఆ చెప్పుల అడుగు మాత్రం నాకు ఇంకా గుర్తుంది. మీకూ అలాంటి జత ఒకటి ఎవరైనా తిరగేసి చూపించాలని కోరుకుంటూ, సెలవు.