బీబీ కా మక్బరా – దక్కనులోని ఉద్యాన సమాధి

(విద్యార్థుల విజ్ఞానయాత్రకు ముందు ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

ప్లాటినం జూబిలీ సందర్భంగా మన పిల్లలు చూడబోతున్న కట్టడం బీబీ కా మక్బరా. అది 2023 వరకు ఔరంగాబాదుగా పిలువబడి, నేడు ఛత్రపతి సంభాజీనగర్‌గా వ్యవహరింపబడుతున్న నగరంలో కలదు. దీనిని తాజ్ మహల్‌కు నకలు అని తేలికగా అనేస్తారు. నకలు అన్న మాట ముందే విన్న కన్ను ఆ పైన శ్రద్ధగా చూడదు. అందుచేత చూడవలసినవి కొన్ని నేడు మనవి చేస్తాను.

ఈ సమాధి ఔరంగజేబు భార్య దిల్‌రస్ బాను బేగమ్‌ది. ఆమె 1657లో, కుమారుడు అక్బర్‌ను ప్రసవించిన కొద్ది దినములకే మరణించింది. ఆమె అత్తగారైన ముంతాజ్ మహల్ సైతం 1631లో ప్రసవ సమయంలోనే కన్నుమూసింది. రెండు సమాధుల వెనుకనూ తల్లిని కోల్పోయిన పసిబిడ్డలున్నారు.

దీనిని కుమారుడు ఆజం షా కట్టించాడని ప్రతీతి. విద్యార్థులారా, లెక్క వేయండి. ఆజం షా 1653లో జన్మించాడు. కట్టడం 1660 ప్రాంతంనాటిది. ఏడేండ్ల బాలుడు ఇంతటి నిర్మాణం తలపెట్టగలడా? తండ్రి ఆజ్ఞతో ఆరంభమైనదని చెప్పుటే సమంజసం. విన్నదానిని సంవత్సరములతో సరిచూచుట చరిత్ర విద్యార్థికి ప్రథమ పాఠం.

ప్రధాన ద్వారం మీది శాసనంలో రెండు పేర్లున్నాయి: వాస్తుశిల్పి అతావుల్లా, ఇంజనీరు హన్స్‌పత్ రాయ్. తాజ్ నిర్మాణానికి ప్రధాన శిల్పిగా ప్రసిద్ధుడైన ఉస్తాద్ అహ్మద్ లాహోరీ కుమారుడే అతావుల్లా. తండ్రి విద్యను కుమారుడు కొనసాగించినప్పుడు పోలికలు రాకుండునా?

అయినను భేదాలున్నాయి. తాజ్ తన తోటకు చివర, యమునా తీరాన నిలిచింది. మక్బరా తోటకు నట్టనడుమ ఉన్నది. ఢిల్లీలోని హుమాయూన్ సమాధి పద్ధతి కూడ ఇదే. నీటి కాలువలు, బాటలు తోటను నాలుగు భాగములు చేస్తాయి. దీనినే చార్‌బాగ్ అంటారు. ఉత్తర దక్షిణములుగా సుమారు 458 మీటర్లు, తూర్పు పడమరలుగా 275 మీటర్లు గల ప్రాకారం చుట్టూ ఉన్నది. ఎత్తైన అరుగుకు నాలుగు మూలల నాలుగు మీనార్లు నిలిచాయి. గోడలకు నడుమెత్తు వరకు, మరల గుమ్మటానికి మాత్రమే పాలరాయి వాడారు. తక్కినదంతా దక్కను నల్లరాయి. దానిపై నునుపైన సున్నపు గార పూసి, అందులోనే లతలు, పువ్వులు తీర్చిదిద్దారు. వ్యయం 6,68,203 రూపాయల 7 అణాలని ఒక చరిత్ర గ్రంథం లెక్క చెప్పుచున్నది. ఉన్న ధనానికి, దొరికిన రాతికి తగినట్లు ఆ పనివారు తమ నేర్పు చూపారు.

లోపల అసలు సమాధి నేలమట్టానికి దిగువన, ఎనిమిది కోణముల పాలరాతి జాలకం నడుమ ఉన్నది. పైనుండి వంగి చూడాలి. పడమటి మసీదును తరువాతి కాలంలో హైదరాబాదు నిజాం చేర్చినందున సౌష్ఠవం కొంత చెడినది. ఈ ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిదే.

తల్లిదండ్రులకు ఒక్క మాట. తెలుగు మాధ్యమంలో చదివే మన పిల్లలను ఇరుగుపొరుగు పిల్లలతో పోల్చి చిన్నబుచ్చుట మన ఇండ్లలో వినబడుతూనే ఉన్నది. పోల్చవద్దని నేను శాసించలేను. పోల్చే ముందు బిడ్డ నోటుపుస్తకం తెరచి, చదివించి, ఓపికగా వినండని ప్రార్థిస్తున్నాను.

చిరంజీవులారా, ఆ ద్వారం వద్ద నిలిచి శాసనమెక్కడ ఉన్నదో వెదకండి. పాలరాయి ఎక్కడ ముగిసి గార ఎక్కడ మొదలైనదో వ్రేలితో తాకకుండా, కంటితో గుర్తించి బొమ్మ గీయండి. తిరిగి వచ్చిన సోమవారం ఆ బొమ్మలను ప్రార్థనా సమావేశంలో మీ తల్లిదండ్రుల ఎదుట మీరే వివరించాలి.