పడుగు పేకలతో పడవ



థానే నుండి భివండి వచ్చే దారిలో ఉల్లాస్ నదిపై కాశేలి వంతెన ఉన్నది. క్రింద నీరు, వంతెన దాటితే మరమగ్గాల చప్పుడు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుండి తరలివచ్చిన నేతకుటుంబాల పిల్లలకు పడుగు, పేక పుట్టుకతో తెలిసిన మాటలు. ఆ మాటలతోనే పడవ నిర్మాణాన్ని బోధించవచ్చును.

గాజును కరగించి, వెంట్రుకకంటె సన్నని పోగులు తీసి నేసిన బట్టయే ఫైబర్‌గ్లాస్. ఆంధ్ర తీరంలో కట్టుమరాల చోట నేడు ఫైబర్ తెప్పలు తిరుగుతున్నవి. ఇంటి షెడ్డులో ప్లైవుడ్ పడవ కట్టినవారు దాని అడుగుభాగంపై ఈ బట్ట పరచి, రెజిన్ పూసి, గాలిబుడగలు పోవునట్లు రోలరుతో అదుముతారు. బలమిచ్చేది ముఖ్యంగా బట్ట. పోగులను కదలకుండా పట్టి ఉంచేది రెజిన్. అది ఎక్కువైతే పొర పెళుసు. తక్కువైతే పోగు తడవక నీరు చొరబడుతుంది. బట్ట పోగుల దిక్కునే గట్టిగా ఉంటుంది గనుక ఒక పొరపై మరొకటి ఏటవాలుగా వేస్తారు. ఈ సంగతి నేతగానికి వేరే చెప్పనక్కరలేదు.

చెప్పవలసినవి వేరే ఉన్నవి. పాలియెస్టర్ రెజిన్‌లో కోబాల్టు ద్రావణం పూర్తిగా కలిసిన తరువాతనే, గట్టిపరచే పెరాక్సైడును చేర్చాలి. ఆ రెండింటిని నేరుగా కలిపితే మంట లేచి పేలవచ్చును. మూసిన గదిలో ఆవిరి ప్రమాదకరం. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు గాజుధూళి ఊపిరితిత్తులకు చేటు. వానాకాలంలో తడిచెక్కపై అంటించిన బట్ట ఊడిపోతుంది.

షెడ్డులో తొందరపడి వదలిన బుడగ నడినీటిలో ప్రాణం మీదికి తెస్తుంది. తెగిన పోగును చూచిన వెంటనే మగ్గమాపి అతికే తల్లిదండ్రుల శ్రద్ధయే ఇక్కడ కావలసిన శాస్త్రదృష్టి. డెబ్బది అయిదేండ్ల ఈ పాఠశాల దానిని పిల్లలకు తెలుగులోనే అందించుగాక!