మన సీమలోని రైలుదారి, పశుక్షేత్రము
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



చరిత్ర యనగానే మన పిల్లలు హంపీ పేరును, ఢిల్లీ పేరును చెప్పుదురు. ధర్మపురికి చరిత్ర కలదా యని అడిగినచో మాటాడక నిలుచుందురు. దుక్కి దున్ని, పశువులను మేపి బ్రతికిన మన పెద్దల చరిత్ర యొకటి కలదు. అందులో నొక చిన్న రైలుదారికిని, ఒక పెద్ద పశుక్షేత్రమునకును ముఖ్యమైన స్థానమున్నది. నేడు వాటిని గూర్చి కొన్ని మాటలు మనవి చేసెదను.

ఈ సీమను పూర్వము బారామహలు అనెడివారు. 1792లో టిప్పు సుల్తానుతో జరిగిన సంధి వలన ఇది కంపెనీ వారి వశమైనది. థామస్ మన్రో శిస్తు వ్యవహారములను నేర్చుకొన్నది ఇచ్చటనే. ఆయన మద్రాసు గవర్నరుగా నున్న కాలముననే, 1824లో, హోసూరు చెంతనున్న మత్తిగిరిలో సైన్యమునకు గుఱ్ఱములను సమకూర్చు క్షేత్రము వెలసినది. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడు వరకు హోసూరు మన ధర్మపురి జిల్లాలోనిదే గదా! ఆ క్షేత్రము విస్తీర్ణము పదునారు వందల ఎకరములకు పైబడినది. కాలము మారినది, సైన్యమునకు గుఱ్ఱముల అవసరము తగ్గినది. 1924లో అది పౌరశాఖకు వచ్చి, పశువులను వృద్ధిచేయు క్షేత్రమైనది. పని మారినది గాని క్షేత్రము నిలిచినది. రెండు వందల ఏండ్లు దాటినను నేటికిని అది ప్రభుత్వ పశుక్షేత్రమే.

పెన్నాగరము వైపు కావేరి అడవులలో పెరిగిన ఆలంబాడి పశువులకు అట్టి భాగ్యము లేకపోయినది. బూడిద వన్నె గల ఆ ఎద్దులు కాడికిని, బండికిని పేరు పొందినవి. ట్రాక్టర్లు వచ్చెను, అడవిలో మేతకు కట్టుబాట్లు పెరిగెను, మందలు తరిగిపోయెను. ఇప్పుడు ఆ జాతిని కాపాడుటకు ప్రభుత్వము వారు శ్రమించవలసి వచ్చినది.

ఇక రైలుదారి మాట. 1876 మొదలు 1878 వరకు సాగిన ధాత కరువు సేలము జిల్లాను మిక్కిలి పీడించినది. నాడు మన ఊళ్ళన్నియు ఆ జిల్లాలోనివే. రేవులకు ధాన్యము వచ్చినను పల్లెలకు చేర్చు సాధనము లేకపోయెను. మేత లేక బండ్లులాగు ఎద్దులే చచ్చుచుండగా ధాన్యమును మోయువారెవరు? 1880 నాటి కరువు కమిషను అట్టి ప్రాంతములకు రైళ్ళు వేయవలెనని సూచించినది. ఆ ఆలోచన ఫలితముగా మద్రాసు ప్రధాన మార్గములోని మొరప్పూరు నుండి ధర్మపురికి 1906లో రెండున్నర అడుగుల వెడల్పు గల చిన్న రైలుదారి వేయబడినది; 1913లో హోసూరు వరకు సాగినది. ప్రధాన మార్గము అయిదున్నర అడుగులది గనుక మొరప్పూరులో ప్రతి మూటను దింపి వేరొక బండికి ఎక్కింపవలసియుండెను. ప్రయాణము నిదానమే. అయినను మరల కరువు వచ్చినచో గింజలు చేరగలవను ధైర్యము దాని వలన కలిగినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలములో, 1941లో, ఆ మార్గమును మూసి పట్టాలను తీసివేసిరి. పిమ్మట 1960వ దశకములో సేలము నుండి ధర్మపురి, హోసూరుల మీదుగా బెంగుళూరునకు మీటరుగేజి మార్గము వచ్చినది. 1990వ దశకములో అది బ్రాడుగేజి ఆయెను. కాని మొరప్పూరు, ధర్మపురుల నడుమ తెగిన లంకె అట్లే యుండిపోయినది. దానిని తిరిగి వేయుటకు శంకుస్థాపన జరిగినది 2019లో! పెరికివేసిన దారికి మరల మొదటి రాయి పడుటకు డెబ్బది యెనిమిది సంవత్సరములు పట్టినది.

తల్లిదండ్రులారా, ఈ రెండు కథలను మీకు చెప్పుటకు కారణము కలదు. మన పాఠశాలలో ఒకటవ తరగతి హాజరుపట్టీ ఏటేట చిన్నదగుచున్నది. పిల్లలు లేరని ఒక తరగతిని మూయుటకు ఒక్క ఉత్తరువు చాలును. మూసిన తెలుగు తరగతిని తిరిగి తెరచుటకు ఎన్ని తరములు పట్టునో ఆ రైలుదారియే చెప్పుచున్నది.

అయితే పాతది పాతగానే యుండవలెనని నేననను. 2006 నాటి చట్టము ప్రకారము మన పిల్లలు తమిళమును నేర్చుచున్నారు, చక్కగా నేర్వవలెను. ఇది మనకు అన్నము పెట్టుచున్న నేల మాట. ఇంగ్లీషును నేర్వవలెను. మత్తిగిరి క్షేత్రము కాలమునకు తగిన పనిని చేపట్టి నిలిచినట్లే, మన పాఠశాలయు ఈ భాషలను బాగుగా నేర్పుచు తెలుగును నిలుపుకొనవలెను.

అందులకు మీ సాయము కావలెను. మొదటిది, ఇంటనున్న చిన్నబిడ్డను ఇచ్చటనే చేర్పించుడు. రెండవది, తాతయ్యల, అవ్వల చెంత పిల్లలను కూర్చుండబెట్టుడు. కఱ్ఱి యావు, పుల్ల యెద్దు, బొల్లి గిత్త అని పశువుల వన్నెలకు మనకెన్ని పేర్లో! పలుపు, ముకుతాడు, కాడి, చర్నాకోల మొదలైన మాటలు చెప్పువారు ఇంకను మన యిండ్లలో నున్నారు. పిల్లలు ఆ మాటలను, ఆ ముచ్చటలను ఒక పుస్తకములో వ్రాసి తెచ్చినచో, వచ్చు సంచికలో వాటిని అచ్చువేయింతుము.

పట్టాలు ఉన్నప్పుడే దారిని కాపాడుకొనుట సులభమని మనవి చేసి విరమించుచున్నాను.